కాయితంల ఏం రాసిండ్రు బిడ్డా?

సాయంత్రం ఏడు దాటాక కామాటిపుర ఏ గల్లీలోకి వెళ్లినా, వర్లీ బీడీడీ చాల్ ఏ అంతస్తు ఎక్కినా ఈ మాట వినబడుతుంది. తండ్రి చేతిలో ఓ కాగితం ఉంటుంది. మ్హాడా నోటీసో, బిల్డర్ పంపిన ఒప్పందమో, ఆస్పత్రి డిశ్చార్జి కాగితమో, బ్యాంకు లెటరో. 'కాయితంల ఏం రాసిండ్రు బిడ్డా? జర చదివి చెప్పు' అంటాడు. ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదివే కొడుకు దాన్ని గడగడా చదివేస్తాడు. పలకడంలో ఎక్కడా తడబడడు. 'మరి ఏమన్నరు?' అని తండ్రి మళ్లీ అడిగితే మాత్రం తల వంచుకుంటాడు. 'చదువొస్తది గానీ సమజ్ కాలే బాపూ' అంటాడు. ఇక దానికి జవాబు రాయమంటే పక్క బిల్డింగులో ఎవరైనా డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారేమోనని వెతుక్కోవాల్సిందే.

ఇందులో పిల్లవాడి తప్పు లేదు. వాడికి ఇంగ్లీషు చదవడం నేర్పారు, పలకడం నేర్పారు, ప్రశ్నకు జవాబు బట్టీ పట్టడం నేర్పారు. ఒక వాక్యం ఎలా నిలబడుతుందో, ఒక ఉత్తరం ఎలా కట్టాలో ఎవరూ నేర్పలేదు. ముంబయిలోని తెలుగు చాళ్లలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు పదేళ్ల కిందటి కంటే ఇప్పుడు ఎక్కువే. తప్పుల్లేకుండా ఒక పేజీ రాయగలిగేవాళ్లు ఎందరు? ఈ ప్రశ్న మన సంఘాలు, మన ఉపాధ్యాయులు, మన తల్లిదండ్రులు తమను తాము వేసుకోవాల్సిన సమయమిది.

ఇంటి తాళం కాగితంలో ఉంది

ఇప్పుడే ఎందుకు? ఎందుకంటే మన ఇళ్ల భవిష్యత్తు ఇప్పుడు కాగితాల మీద తేలుతోంది. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. వాటిని కూల్చి 500 చదరపు అడుగుల ఇళ్లు కట్టి ఇచ్చే పని మ్హాడా చేపట్టింది. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. నాయిగావ్, డిలైల్ రోడ్‌లలోనూ ఇదే క్రమం. కామాటిపుర పునర్నిర్మాణం బాధ్యత కూడా మ్హాడా చేతుల్లోకే వచ్చింది. వీటన్నిటి చుట్టూ అర్హత పత్రాలు, సమ్మతి పత్రాలు, తాత్కాలిక నివాసపు అద్దె ఒప్పందాలు తిరుగుతున్నాయి. సర్కారు కాగితాలు ఎక్కువగా మరాఠీలో వస్తాయి. ఒప్పందాలు, బ్యాంకు పత్రాలు, బీమా షరతులు, హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో ఉంటాయి.

2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలన్నా అది ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంత అధికార భాషలోనో ఉండాలి. అంటే మహారాష్ట్రలో మూడోది మరాఠీ. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నా మన తెలుగులో రాసి పెట్టే దారి ఇక్కడ లేదు. మరాఠీ రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. దానితోపాటు ఇంగ్లీషులో కాగితం చదివి, బదులు రాయగల చెయ్యి ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి.

ఒక్క ఉదాహరణ చూడండి. ఒప్పందంలో 'ద డెవలపర్ షల్ పే ద రెంట్' అని ఉంటే బిల్డర్ అద్దె ఇచ్చి తీరాలి. 'ద డెవలపర్ మే పే ద రెంట్' అని ఉంటే ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. రెండు వాక్యాలకూ తేడా ఒక్క ముక్క. చదివేటప్పుడు ఆ ముక్క దగ్గర ఆగనివాడు సంతకం పెట్టాక ఆగి లాభం లేదు. 'ఎ ఫ్లాట్' అంటే ఏదో ఒక ఫ్లాటు. 'ద ఫ్లాట్' అంటే ఒప్పందంలో చెప్పిన ఆ ఫ్లాటే. మన పిల్లలు వ్యాకరణం పుస్తకంలో 'ఆర్టికల్స్' అనే పాఠం కింద ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకున్నారు. అది తమ ఇంటికి సంబంధించిన పాఠమని ఎవరూ చెప్పలేదు.

కొందరు అంటారు, 'ఫోన్లో ఫొటో తీస్తే అదే తెలుగులో చెప్తది కదన్నా' అని. చెప్తుంది, మంచిదే, వాడుకోండి. కానీ అది చెప్పింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే. సంతకం ఫోను పెట్టదు, మనం పెడతాం.

మన పెద్దలకు తెలిసిన సంగతి

ఈ ఎరుక మనకు కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి మట్టి పనికి, కట్టడం పనికి వచ్చిన తెలుగు కూలీలను కామాటీలు అన్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర వర్లీ గండిని పూడ్చి నీళ్లను ఆపాక, ఆరిన పల్లపు నేలల్లో వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర. ఊరు కట్టిన చేతులు వాళ్లవి. అయితే వాళ్లలో కాంట్రాక్టర్లుగా ఎదిగినవారు ఒక విషయం గ్రహించారు. పలుగూ పారా ఉంటే పని దొరుకుతుంది, లెక్కా రాతా ఉంటేనే కాంట్రాక్టు దొరుకుతుంది.

మహాత్మా జోతిబా ఫూలే 1873లో సత్యశోధక్ సమాజ్ స్థాపించినప్పుడు ఆయనకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆ ఫూలేయే 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఒక విజ్ఞాపన ఇచ్చారు. పేదల పిల్లల ప్రాథమిక విద్యకు సర్కారు డబ్బు ఖర్చు పెట్టడం లేదన్నది అందులోని ఫిర్యాదు. ఆయన పుస్తకాలు ఎక్కువగా మరాఠీలో రాశారు. ఆ విజ్ఞాపన మాత్రం ఇంగ్లీషులో రాశారు. వినాల్సినవాడి భాషలో రాస్తేనే ఫిర్యాదుకు చెవి దొరుకుతుందని ఆయనకు తెలుసు.

అంతకు ముందే మన తెలుగువాడు వెన్నెలకంటి సుబ్బారావు సొంతంగా ఇంగ్లీషు నేర్చి మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడి స్థాయికి ఎదిగాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవిత కథ 1873లో అచ్చయింది. ఇక చాళ్ల సంగతికి వస్తే, డాక్టర్ అంబేడ్కర్ 1912 నుంచి రెండు దశాబ్దాలకు పైగా పరేల్‌లోని బీఐటీ చాల్‌లో ఉన్నారు. ఆ రెండు గదుల ఇంటివాడు రాసిన ఇంగ్లీషును తర్వాత దేశమంతా చదివింది. చాల్‌లో ఉంటే రాత రాదన్న మాట అబద్ధమని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

తప్పు ఎక్కడ పుడుతోంది?

మహారాష్ట్రలో 2000 సంవత్సరం నుంచి మరాఠీ బడుల్లోనూ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు ఇంగ్లీషు మీడియం వైపు నడిచాయి. బృహన్ముంబయి పాలిక తెలుగుతో కలిపి ఎనిమిది భాషల్లో బడులు నడుపుతున్నా, తెలుగు తరగతుల్లో బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ఇంగ్లీషు మీడియంలో వేస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని తల్లిదండ్రుల నమ్మకం. రాకపోతే 'ముప్పై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీష్' బోర్డు ఉండనే ఉంది. అక్కడ ఫీజు కట్టి 'హౌ ఆర్ యూ', 'నైస్ టు మీట్ యూ' నేర్చుకుని వస్తారు. నోరు తిరుగుతుంది, మంచిదే. చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మన చాల్ పిల్లవాడు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజారులో మరాఠీ, బడిలో ఇంగ్లీషు వింటాడు. నాలుగు భాషలు రావడం నిజంగా పెద్ద ఆస్తి. చిక్కల్లా ఏమిటంటే, వాడు రాసే ఇంగ్లీషు తప్పులు చాలా వరకు తెలుగు వాక్యం నుంచి పుట్టేవే. మరాఠీ, హిందీలు కూడా క్రియను చివర పెట్టే భాషలే. అందువల్ల ఆ తప్పు వాడి చెవికి ఎక్కడా తప్పుగా వినబడదు. 'ఇది తెలుగులో ఇలా ఉంటుంది, ఇంగ్లీషులో అలా మారుతుంది' అని పక్కపక్కన పెట్టి చూపితే ఐదు నిమిషాల్లో తెలిసిపోయే విషయం, ఏడాదంతా ఎర్రసిరాతో కొట్టేసినా తెలియదు. కొన్ని చూద్దాం.

మొదటిది 'నుంచి'. 'ఇరవై ఏళ్ల నుంచి ఈ గదిలో ఉంటున్నాం' అన్న మాటను మనవాళ్లు 'వుయ్ ఆర్ లివింగ్ ఇన్ దిస్ రూమ్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్' అని రాస్తారు. రాయాల్సింది 'వుయ్ హావ్ బీన్ లివింగ్ ఇన్ దిస్ రూమ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్'. ఎన్నేళ్లో చెబితే 'ఫర్'. ఏ సంవత్సరం నుంచో చెబితే 'సిన్స్ 1995'. తెలుగులో రెండింటికీ 'నుంచి' ఒక్కటే సరిపోతుంది. ఇది చిన్న తప్పే అనుకోవద్దు. ఇంకో అడుగు తప్పి 'వుయ్ లివ్డ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్' అని రాస్తే, ఇరవై ఏళ్లు ఉండి ఖాళీ చేసి వెళ్లిపోయారని అర్థం. అర్హత కోసం పెట్టే అర్జీలో అలా రాసుకుంటే మన గది మీద మన హక్కును మనమే అనుమానంలో పడేసుకున్నట్టు.

రెండోది 'అని'. 'రేపు వస్తానని ఆఫీసరు చెప్పాడు' అన్నది మనకు తేట తెలుగు. తెలుగులో ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు చెప్పి 'అని' తగిలిస్తే చాలు. దాన్నే 'ద ఆఫీసర్ టోల్డ్ మీ దట్ ఐ విల్ కమ్ టుమారో' అని రాస్తే వచ్చేది ఆఫీసరా, మనమా? చదివేవాడు మనమే వస్తామన్నామని అనుకుంటాడు. 'ద ఆఫీసర్ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే' అంటే గొడవ లేదు. ఎవరేమన్నారో చెప్పాల్సిన ఫిర్యాదులో ఈ ఒక్క సూత్రం రాకపోతే ఫిర్యాదే తలకిందులవుతుంది.

మూడోది 'మనం, మేము'. తెలుగుకు ఈ రెండూ ఉన్నాయి, మరాఠీకి 'ఆపణ్, ఆమ్హీ' ఉన్నాయి. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్క 'వుయ్'. బిల్డరుకు రాసే ఉత్తరంలో 'వుయ్ అగ్రీడ్' అంటే అద్దెదారులందరూ ఒప్పుకున్నారా, రాసిన నలుగురేనా, బిల్డరూ వాళ్లూ కలిసి ఒప్పుకున్నారా? అందుకే మొదటి వాక్యంలోనే 'వుయ్, ద టెనెంట్స్ ఆఫ్ ద సెకండ్ ఫ్లోర్' అని ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పుకోవాలి.

నాలుగోది మన క్త్వార్థకం. 'పొద్దున లేచి, నీళ్లు పట్టి, డబ్బా కట్టి, లోకల్ ఎక్కి పనికి పోయిన' అని ఐదు పనులు ఒక్క వాక్యంలో చెప్పేస్తాం. కాలం చివరి క్రియ ఒక్కటే మోస్తుంది. పిల్లలు దాన్ని 'ఐ గెట్ అప్, ఫిల్ వాటర్, ప్యాక్ టిఫిన్ అండ్ వెంట్' అని రాస్తారు. ఇంగ్లీషులో అలా వరసపెడితే ప్రతి క్రియా కాలాన్ని మోయాలి. 'గాట్ అప్, ఫిల్డ్, ప్యాక్డ్, వెంట్.' వాక్యం మరీ పొడుగైతే రెండుగా విరవాలి. చేదర్థకమూ అంతే. 'వాన వస్తే నీళ్లు కారుతాయి' అన్నదాన్ని 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అని మొదలుపెట్టకూడదు. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ద రూఫ్ విల్ లీక్' అనాలి.

ఇంకా 'నాకు ఇద్దరు పిల్లలున్నారు' అన్నది 'ఐ యామ్ హేవింగ్ టూ చిల్డ్రన్' కావడం, 'ఆయన మా బాపు' అన్నదానిలో తెలుగులో లేని 'ఈజ్' ఇంగ్లీషులో కూడా ఎగిరిపోవడం రోజూ చూసేవే.

పాత తెలుగు మీడియం బడిలో విభక్తులు, క్త్వార్థకం, చేదర్థకం నేర్చుకున్న తాతకో అమ్మమ్మకో ఇవి చెబితే వెంటనే పట్టేస్తారు. వాళ్లకు ఇంగ్లీషు రాకపోవచ్చు, వాక్యం ఎలా నడుస్తుందో తెలుసు. మన పిల్లలకు ఇప్పుడు రెండూ అందడం లేదు. తెలుగును వదిలేస్తే ఇంగ్లీషు వస్తుందని వదిలేశాం. తెలుగులో పది వాక్యాలు వరసగా రాయలేని పిల్లవాడికి ఇంగ్లీషులో పది వాక్యాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆలోచనను వరసలో పెట్టడం ఏ భాషలో నేర్చుకున్నా అన్ని భాషలకూ పనికొస్తుంది. కాబట్టి ఇంట్లో వచ్చిన భాషలోనే అది మొదలవ్వాలి.

ఉత్తరం ఎలా ఉండాలి?

వార్డు ఆఫీసుకు మనవాళ్లు రాసే ఉత్తరం తరచూ ఇలా ఉంటుంది: 'విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్ వాటర్ ఈజ్ నాట్ కమింగ్ సిన్స్ ఫైవ్ డేస్ అండ్ వుయ్ ఆర్ ఫేసింగ్ లాట్ ఆఫ్ ప్రాబ్లమ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.' ఇందులో దండాలు ఉన్నాయి, సంగతి లేదు. ఏ బిల్డింగు? ఏ అంతస్తు? ఇంతకుముందు ఎవరికి చెప్పారు? ఇప్పుడు ఏం చేయమంటారు?

దాన్నే ఇలా రాయవచ్చు: 'వుయ్, ద టెనెంట్స్ ఆఫ్ ద సెకండ్ ఫ్లోర్, హావ్ హాడ్ నో వాటర్ ఫర్ ఫైవ్ డేస్. వుయ్ కంప్లెయిన్డ్ ఎట్ ద వార్డ్ ఆఫీస్ ఆన్ 3 జూన్. నో వన్ హాజ్ కమ్. ప్లీజ్ సెండ్ సమ్‌వన్ టు చెక్ ద పైప్‌లైన్ అండ్ గివ్ అస్ ఎ రిటన్ రిప్లై.' పైన బిల్డింగు పేరు, గల్లీ నంబరు, తేదీ. కింద సంతకాలు. నాలుగు పొట్టి వాక్యాలు, పెద్ద మాట ఒక్కటీ లేదు. ఎవరు, ఏమిటి, ఎప్పటి నుంచి, ఏం కావాలి అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి. కామాటిపురవాళ్లు దాన్ని బైకుల్లాలో ఉన్న ఈ వార్డు ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుంటే అది రుజువుగా మిగులుతుంది.

మరో మాట. కామాటిపుర కుర్రాళ్లు, అమ్మాయిలు ఉద్యోగానికి దరఖాస్తు నింపేటప్పుడు అడ్రసు కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఆ పేరు చూడగానే ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని కొందరు బంధువుల అడ్రసు రాస్తారు. ఆ పేరు రెండు శతాబ్దాలకు పైగా చెమటోడ్చిన మన కూలీలది. అక్కడ బతుకుతున్న ఏ ఆడమనిషీ దానికి మచ్చ కాదు. అడ్రసు ధైర్యంగా రాయండి. దాని కింద మీరు చదివిందీ, చేసిన పనీ తప్పుల్లేని నాలుగు వాక్యాల్లో రాయండి. చదివేవాడి కన్ను అక్కడ ఆగుతుంది.

ఏం చేయాలి?

కొత్త భవనాలు, పెద్ద నిధులు అక్కర్లేదు. దాదర్‌లోని ఆంధ్ర మహాసభ మొదలుకొని వర్లీ, నాయిగావ్, కామాటిపురల్లోని కుల సంఘాలు, గ్రామ సంఘాల దాకా మనకు హాళ్లకు కొదవ లేదు. బతుకమ్మకు, మార్కండేయ జయంతికి, వినాయక చవితికి అవి కళకళలాడతాయి. మిగతా ఆదివారాలు వాటికి తాళాలే. ఆదివారం రెండు గంటలు ఆ తాళం తీయండి. ఏడాదికి నలభై ఆదివారాలు లెక్కేసుకున్నా ఎనభై గంటలు. స్పోకెన్ క్లాసు కాదు, రాత క్లాసు పెట్టండి. వారానికి ఒక ఉత్తరం: సెలవు చీటీ, నీళ్ల ఫిర్యాదు, బ్యాంకుకు అర్జీ, సమాచార హక్కు దరఖాస్తు, ఉద్యోగ దరఖాస్తు, బిల్డరుకు జవాబు. ముందు తెలుగులో రాయించి, పక్కన ఇంగ్లీషులో రాయించండి. ఒక్కో తప్పునూ తెలుగు వాక్యంతో పోల్చి చూపండి.

ఎవరు చెబుతారు? మన చాళ్లలోనే పుట్టి బ్యాంకుల్లో, కాలేజీల్లో, ఐటీ కంపెనీల్లో పనిచేసి ఠాణె, నవీ ముంబయి వైపు వెళ్లిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. నెలకు ఒక్క ఆదివారం వస్తే చాలు. రిటైరైన తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు ఉన్నారు. హైదరాబాద్‌లో 1958లో మొదలైన కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఇప్పుడు ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా ఉంది. ఇంగ్లీషు బోధించడం ఎలాగో నేర్పడమే దాని పుట్టుక ఉద్దేశం. ముంబయి, భివండీ, షోలాపూర్ తెలుగు బడుల ఉపాధ్యాయులకు అక్కడి శిక్షణ అందేలా మన సంఘాలు కలిసి అడగాలి. రెండు తెలుగు ప్రభుత్వాలు వలస తెలుగువారి గురించి సభల్లో చెప్పే మాటలకు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే ఒక చిన్న వ్యాకరణ పుస్తకం అచ్చు వేసి ఇవ్వడం ఏమంత బరువు?

రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చాలా ఇళ్లలో ఉంది. ఆ రెన్ దొర బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసినవాడే. పుస్తకం మంచిదే. అయితే ఇంగ్లీషు అడ్డం తిరిగే చోటల్లా తెలుగు వాక్యం ఎందుకు అడ్డుపడిందో అది చెప్పదు. ఆ పని మనమే చేసుకోవాలి.

తల్లిదండ్రులు కూడా ఒకటి చేయవచ్చు. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. రోజూ రాత్రి పిల్లవాడితో ఆ రోజు జరిగింది తెలుగులో ఐదు వాక్యాలు చెప్పించండి. వాటినే ఇంగ్లీషులో రాయమనండి. వరస తప్పితే 'ముందు ఏమైంది, తర్వాత ఏమైంది' అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. పిల్లలు తప్పు రాస్తే నవ్వకండి, కొట్టకండి. తప్పు రాసిన కాగితం దాచిపెట్టి మూడు నెలల తర్వాత చూపిస్తే, ఎంత దూరం వచ్చారో వాళ్లకే తెలుస్తుంది.

1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడినప్పుడు మన తాతలు, తండ్రులు ఎన్నో కాగితాల మీద వేలిముద్రలు వేశారు. వాటిలో ఏముందో చాలామందికి తెలియదు. ఇప్పుడు చాళ్లు కూలి మేడలు లేస్తున్నాయి, మళ్లీ కాగితాలు వస్తున్నాయి. ఈసారి బాపు 'కాయితంల ఏం రాసిండ్రు బిడ్డా?' అని అడిగితే, బిడ్డ చదివి, తెలుగులో విప్పి చెప్పి, 'ఈ ముక్క మనకు నష్టం బాపూ, మార్చమని రాస్త' అని పెన్ను తీయాలి. అందుకు వచ్చే ఆదివారం మీ సంఘం హాలు తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.